సాముగరిడీలు – నడుము నొప్పి

బెంగుళూరు పాతపేటలో గరడిమనెలు నేటికిని కొన్ని నిలిచియున్నవి. మన గరిడి, కన్నడిగుల గరడి ఒక్క మాటయే. మన బాలబాలికలలో కొందఱు ఆ ఎఱ్ఱమట్టి గోదాలకును, మఱికొందఱు కరాటే, జూడో తరగతులకును పోవుచున్నారు. సంతోషమే. కాని నడుము నొప్పిని పైకి చెప్పక ఓర్చుకొనుటయే మగతనమను భావము అచ్చట వ్యాపించియున్నది. ఇది కేవలము అవివేకమని నా అభిప్రాయము.

నడుమున ఐదు వెన్నుపూసలు గలవు. ప్రత్యర్థిని ఎత్తి పడవేయునపుడును, కాలెత్తి తన్నునపుడును వెన్ను ఒక్కసారిగా వంగి మెలితిరుగును. ఒకమాఱు జరిగిన బాధలేదు. ఎముక ముదురని వయస్సులో నెలల తరబడి, రోజుకు వందలసార్లు జరిగినచో పూస వెనుకభాగమున సన్నని బీట పడవచ్చును. వైద్యులు దీనిని స్పాండిలోలైసిస్ అందురు. తొలినాళ్లలోనే కనిపెట్టి, కొన్ని నెలలు ఆ సాధన మాన్పించినచో చాలవఱకు నయమగును. దాచిపెట్టినచో బీట పెరుగును. ప్రతి నొప్పియు బీట కాదు. పెక్కు నొప్పులకు ఇట్టి కారణమేదియు కానరాదు. ఏది ఏదియో తేల్చవలసినది వైద్యుడు గాని వస్తాదు కాదు.

1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల నిత్యసాధనను వర్ణించినాడు. రాయలు తెల్లవాఱకముందే లేచి నువ్వులనూనె త్రాగి, ఒడలికి పట్టించుకొని, బరువులెత్తి, చెమట పట్టువఱకు కత్తిసాము చేసి, అటుపిమ్మటనే మల్లునితో కుస్తీకి దిగెడివాడట. నూనె త్రాగుమని నేను చెప్పను! ఆ వరుసను మాత్రము గమనింపుడు. మన పిల్లవాడో, ఆలస్యముగా వచ్చి సంచి క్రింద పెట్టి నేరుగా పట్టుకు దిగును.

తలిదండ్రులకు ఒక మాట. "ఈ వయస్సున నడుము నొప్పి యేమిటి?" అని కసరువారు కొందఱు, నెలల కొలది మంచమెక్కించువారు కొందఱు. రెండును హానికరములే. మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక వ్యాధిగా నెంచవలెను. 2020లో లోకమున 61.9 కోట్లమంది నడుము నొప్పితో బాధపడిరి. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకొఱకు వెలువరించిన సూచనలలో తగిన వ్యాయామమును మెచ్చుకొన్నది, నడుముపట్టీలు వలదన్నది. మన యిండ్లలో మొదట కొనునది ఆ పట్టీయే!

కాళ్లు తిమ్మిరెక్కి బలము తగ్గినను, మూత్రముపై అదుపు తప్పినను ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. జయనగరమున ఎముకల వైద్యమునకు సంజయ్ గాంధీ సంస్థ యను ప్రభుత్వ ఆసుపత్రి కలదు.

మఱియొక చిక్కు మనకే ప్రత్యేకము. తెలుగు బడి పిల్లలలో కన్నడము తడబడువారు శిక్షకునియెదుట నోరు మెదపరు. విద్యార్థులారా, నడుము నొప్పిని కన్నడమున "సొంట నోవు" అందురు. మీ వెన్ను వారికి బెన్ను. ఎన్నాళ్లనుండి, ఏ పట్టు పట్టునపుడు నొచ్చుచున్నదో కూడ చెప్పుడు; వైద్యుడు మొదట అడుగునది అదియే.