నడుస్తాను గానీ... నిలబడలేను!

"నేనేమన్నా కాళ్లు పడిపోయినదాన్నట్రా, కుర్చీలో కూలేసి తోసుకుపోవడానికి?"

మూడేళ్ల కిందట మా పిన్ని అన్న మాట ఇది. ఆవిడది పెదకూరపాడు. కూతురి పురిటికి అమెరికా ప్రయాణం. టికెట్ తీస్తూ 'వీల్‌ఛైర్ పెట్టమంటారా' అని ఏజెంటు అడిగాడు. నేను నోరు తెరిచేలోపే పిన్ని కస్సుమంది. ఆవిడ కోపంలోనూ న్యాయముంది. రోజూ గుడికి నడిచే వెళుతుంది. గుంటూరు వెళ్లాలంటే రైల్వేస్టేషన్ దాకా నడకే. ఏళ్ల తరబడి మిరప చేలో వంగి కాయలు కోసిన మనిషి. మోకాళ్లు అరిగాయి గానీ పట్టుదల అరగలేదు.

మాకెవరికీ తట్టని సంగతి ఒకటుంది. పిన్ని నడుస్తుంది గానీ, నిలబడలేదు. ఒకేచోట పది నిమిషాలు నిలుచుంటే మోకాళ్లు పీకేస్తాయి, నడుము పట్టేస్తుంది. అందుకే రేషన్ షాపు దగ్గర సంచీని క్యూలో పెట్టి తను అరుగు మీద కూర్చుంటుంది. పెళ్లిలో అక్షింతలు వేయడానికి జనం బారులు తీరితే 'అందరూ కానివ్వండి, చివర్లో వేస్తాను' అంటుంది. మన ఊళ్లలో ఎక్కడికెళ్లినా ఒక అరుగో, బల్లో, చెట్టు కింద రాయో ఉంటుంది. అందుకే ఈ ఇబ్బంది పైకి కనిపించదు.

విమానాశ్రయంలో అరుగులుండవు కదా!

శంషాబాద్‌లోనే లెక్కపెట్టండి. లోపలికి వెళ్లే గేటు దగ్గర ఒక క్యూ. సామాను ఇచ్చేచోట మరొకటి. ఆపైన ఇమ్మిగ్రేషన్, భద్రతా తనిఖీ, చివరికి విమానం ఎక్కేచోట. కుర్చీలు లేవని కాదు, బోలెడున్నాయి. కానీ క్యూలో ఉన్నవాళ్లు వెళ్లి కూర్చుంటే వంతు పోతుంది. అమెరికా వెళ్లేవాళ్లలో చాలామంది దారిలో ఇంకో దేశంలో విమానం మారాలి. అక్కడ మళ్లీ తనిఖీ, మళ్లీ క్యూ.

ఆ మారేచోటే పిన్ని పని అయిపోయింది. ముప్పావు గంట నిలబడి, ఇక చేతకాక నేల మీద చతికిలబడింది. కళ్లు తిరిగి పడిపోయిందనుకుని సిబ్బంది పరిగెత్తుకొచ్చారు. డాక్టర్‌ని పిలిచారు. 'మోకాళ్లు నాయనా, మోకాళ్లు' అని పిన్ని తెలుగులో చెబుతూనే ఉంది. వాళ్లు రక్తపోటు చూస్తూనే ఉన్నారు. ఈలోగా ఎక్కాల్సిన విమానం ఎగిరిపోయింది. రాత్రంతా ఒంటరిగా, భాష రాని చోట, కుర్చీలో కూర్చుని గడిపింది. అవతల నెలలు నిండిన కూతురు ఫోన్ పట్టుకుని ఏడుపు. అక్కడివాళ్లను అని లాభం లేదు. మేం అడగలేదు, వాళ్లకు తెలియదు.

తిరుగు ప్రయాణానికి మా చెల్లెలు పంతం పట్టింది. తల్లిని ఒప్పించి వీల్‌ఛైర్ అడిగింది. అప్పుడు తెలిసింది, ఇలాంటివాళ్ల కోసం ఏర్పాటు ఎప్పటినుంచో ఉందని. టికెట్ల భాషలో దీనికి మూడు గుర్తులు. డబ్ల్యూసీహెచ్ఆర్ అంటే మెట్లెక్కగలరు, విమానంలో నడవగలరు, విమానాశ్రయంలో దూరాలకు మాత్రం కుర్చీ కావాలి. డబ్ల్యూసీహెచ్ఎస్ అంటే మెట్లూ ఎక్కలేరు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే సీటు దాకా సాయం కావాలి. మా పిన్నిది మొదటిది. కాళ్లు పడిపోతేనే కుర్చీ అన్నది మన అపోహే!

అడిగే పద్ధతి కూడా సులువే. టికెట్ తీసేటప్పుడే చెప్పాలి. మరిచిపోతే కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకే ఫోన్ చేయాలి. 'పెద్దావిడ' అని ఊరుకోకుండా 'కొంచెం నడుస్తారు, మెట్లెక్కుతారు, పది నిమిషాలకు మించి నిలబడలేరు' అని విడమరచి చెప్పాలి. రెండు సంస్థల విమానాలు మారే టికెట్ అయితే రెండోదానిలోనూ నమోదైందో లేదో చూసుకోవాలి. మన డీజీసీఏ నిబంధనల ప్రకారం అవసరమున్నవాళ్లకు ఈ సాయం ఉచితం.

విమానాశ్రయానికి కాస్త ముందుగా వెళ్లి కౌంటర్లో మళ్లీ గుర్తు చేయాలి. పాస్‌పోర్టు, మందులు, అవతల దిగాక పిలవాల్సిన ఫోన్ నంబరు రాసిన కాగితం ఒళ్లోనే ఉంచుకోవాలి. కుర్చీ తోసేవాళ్లు మధ్యలో మారుతుంటారు. ఒకచోట కూర్చోబెట్టి వెళుతుంటే 'ఎవరొస్తారు, ఎప్పుడొస్తారు' అని అడగాలి. మంచినీళ్లు, బాత్రూమ్ అవసరాలు మొహమాటపడకుండా చెప్పాలి. విమానం దిగేటప్పుడు అందరూ వెళ్లేదాకా సీట్లోనే ఉండి, కుర్చీ వచ్చాకే కదలాలి.

ఆ చివరి మాటను తేలిగ్గా తీసుకోకండి. 2024 ఫిబ్రవరి 12న న్యూయార్క్ నుంచి ముంబై వచ్చిన వృద్ధ దంపతులకు రెండు కుర్చీలు కావాల్సి ఉండగా ఒక్కటే దొరికింది. భార్యను అందులో కూర్చోబెట్టి 80 ఏళ్ల ఆ పెద్దాయన పక్కనే నడిచారు. ఇమ్మిగ్రేషన్ దగ్గర కుప్పకూలారు. ప్రాణం దక్కలేదు. రెండో కుర్చీ వచ్చేదాకా ఆగమన్నామని విమాన సంస్థ చెప్పింది. అయినా డీజీసీఏ ఆ సంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా వేసింది. అడిగినవాళ్లందరికీ సరిపడా కుర్చీలు ఉండాలని సంస్థలన్నిటికీ చెప్పింది.

ఇది చదివాక ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. ఇంగ్లిష్ రాదని, దారి తెలియదని, క్యూ తప్పుతుందని గట్టిగా ఉన్నవాళ్లకూ పిల్లలు వీల్‌ఛైర్ పెట్టేస్తున్నారు. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ కుర్చీలూ తోసేవాళ్లూ లెక్కకే ఉంటారు. భాష తెలియనివాళ్లను వెంటబెట్టుకుని దారి చూపించడానికి 'మీట్ అండ్ అసిస్ట్' అనే సేవ వేరే ఉంది. కొన్ని సంస్థలు ఊరికే ఇస్తాయి, కొన్నిచోట్ల డబ్బు కట్టాలి. ముందుగా అడిగితే చెబుతారు. మనకు అక్కర్లేని కుర్చీ వదిలితే, అది మోకాళ్లు పీకుతున్న ఇంకో అమ్మకు దొరుకుతుంది.

ఇంతకీ పిన్ని ఎలా వచ్చిందంటారా? శంషాబాద్‌లో కుర్చీలోంచే మాకు చెయ్యూపుతూ వచ్చింది. కారు దాకా మాత్రం తనే నడిచింది. 'ఈ కాస్త దూరానికి ఆ అబ్బాయినెందుకు ఆపడం' అంది.

మొన్న ఊరెళితే పిన్ని ఇంటి అరుగు మీద పక్కింటావిడ కూర్చుని ఉంది. త్వరలో కొడుకు దగ్గరికి ఆస్ట్రేలియా వెళుతోందట. 'నాకెందుకు వదినా కుర్చీ, శుభ్రంగా నడుస్తాగా' అంటోంది.

పిన్ని తగ్గలేదు. "నడక సంగతి నేనడిగానా? ఎంతసేపు నిలబడగలవో చెప్పు!"