పారేద్దామా? బాగు చేయిద్దామా?

మా ఇంటి ఇంక్‌జెట్ ప్రింటర్ మొరాయించింది. అక్షరాల మధ్య తెల్ల చారలు. షాపువాడు మూత తీయకుండానే "ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది సార్!" అని తేల్చేశాడు. ఈ మాటకు తలూపడం మనందరికీ అలవాటైపోయింది. నేనొప్పుకోను.

సిరా చిమ్మే హెడ్ ఎక్కడుందో ముందు కనుక్కోవాలి. కొన్ని రకాల్లో అది కార్ట్రిడ్జ్‌కే ఉంటుంది. మాది ఆ రకమే. కార్ట్రిడ్జ్ మారిస్తే హెడ్డూ కొత్తదే! మరికొన్నింటిలో హెడ్ మిషన్‌లోనే ఉంటుంది. వేసవి సెలవులంతా వాడకపోతే, వెంట్రుక కన్నా సన్నని ఆ రంధ్రాల్లో సిరా ఎండిపోతుంది. క్లీనింగ్ రెండు మూడుసార్లు చేసి చూడండి. పదేపదే చేస్తే ఖరీదైన సిరా అంతా అడుగునున్న స్పాంజి తాగేస్తుంది సుమా! ఆ స్పాంజి నిండిందని తానే లెక్కగట్టి ఆగిపోయే ప్రింటర్లూ ఉన్నాయి. చాలావాటిలో స్పాంజి మార్చి, లెక్క సున్నా చేస్తే మళ్ళీ నడుస్తాయి. స్పాంజి ముక్క కోసం మిషన్‌ను చెత్తలో వేయడమా?

మిషన్‌లోని హెడ్డే కాలిపోతే వేరు సంగతి. అప్పుడు కొత్తదే కొనండి. కానీ చవక ధర చూసి మోసపోకండి. ప్రింటర్ చవకగా ఇచ్చి సిరాలో రాబట్టుకోవడం పాత వ్యాపారమే. సిరా పోసుకునే ట్యాంకు రకం నయం.

లాప్‌టాప్ లాంటి వస్తువులు రిపేరుకెంత అనువో పదికి మార్కులు వేసి కొనేవారికి చూపాలన్న నిబంధన ఫ్రాన్సులో 2021లో అమలులోకొచ్చింది. మనకు ప్రింటర్ పెట్టె మీద అలాంటి అంకె కావాలి, అదీ ధర కన్నా పెద్ద అక్షరాల్లో.