యజమాని పూచీ - పరదేశ నివాసము

గత మాసమున ఒక సాయంకాలము నా పూర్వ విద్యార్థి యొకడు కాగితముల కట్టతో మా యింటికి వచ్చినాడు. వయస్సు నలుబదికి చేరువ. ఇంటర్మీడియెట్ నావద్ద చదివి, పిదప ఐ.టి.ఐ.లో డీజిలు మెకానిక్కు పని నేర్చి, పదునొకండేండ్లు కువైటులో ఒక గ్యారేజీలో పనిచేసి వచ్చినవాడు. ఆస్ట్రేలియాలో ఒక చిన్న పట్టణమున ట్రాక్టర్లు, లారీలు బాగుచేయు షెడ్డు యజమాని యొకడు తన పూచీపై అతనిని పిలిపించుకొందునన్నాడట. మూడేండ్లు అక్కడ పనిచేసినచో శాశ్వత నివాసము లభించునట. "మాస్టారండీ, ఇంగ్లీషు మాటలు నాకూ తెలుస్తున్నాయండి. ఇది మళ్ళీ కువైటేనా, కాదా అన్నదే తెలియట్లేదండి" అని అతడు కాగితములు నా ముందుంచినాడు. ఆ ప్రశ్న న్యాయవాది కార్యాలయమునకు పోవలసినది. తెలుగు పంతులుయొద్దకు వచ్చినది. వచ్చిన తరువాత తప్పించుకొనుటకు మనసొప్పలేదు.

వసిష్ఠ, వైనతేయ పాయల నడుమనున్న ఈ రాజోలు సీమకు పరదేశయానము క్రొత్త గాదు. కాకినాడ రేవున స్టీమరెక్కి రంగూను పోయినవారి ముచ్చటలు పెద్దల నోట విన్నాము. బర్మాలో తెలుగువారిని కోరంగీలనెడివారు. అది మన కోరంగి రేవు పేరే. మేస్త్రీ యిచ్చిన బయానా తీరువరకు కూలి ఆ మేస్త్రీ మనిషి. 1930 మే నెలలో రంగూను రేవు కూలీలు అధిక వేతనమునకై సమ్మె చేసిరి. వారిలో అధిక సంఖ్యాకులు తెలుగువారే. యజమానులు బర్మా వారిని పనిలో పెట్టుకొని, సమ్మె పరిష్కారము కాగానే వారిని తొలగించిరి. ఆ క్రోధము యజమానులపై పడలేదు, కూలీలపై పడినది. ఎందరో మన వారు ఆ కల్లోలమున ప్రాణములు కోల్పోయిరి. 1942లో జపానువారు బర్మాపై పడినప్పుడు మిగిలినవారిలో అనేకులు అడవుల వెంట కాలినడకన తిరిగివచ్చిరి. తరువాతి కాలమున రంగూను స్థానమును కువైటు, దుబాయి, మస్కటు, ఖతరు ఆక్రమించినవి. మా ప్రాంతమున పెంకుటిల్లు మేడయైనదన్నచో అది ఏ దేశపు డబ్బో అడుగనక్కరలేదు.

ఇక మాటల సంగతి. మాటల వ్యాపారిని గావున దానిని విడువలేను. అరబ్బీలో కఫీలు అనగా పూచీ యుండువాడు. ఇంగ్లీషు స్పాన్సరు శబ్దము లాటినునుండి వచ్చినది. గంభీరముగా మాట యిచ్చి పూచీపడువాడని దాని మూలార్థము. మన పూచీదారును అట్టివాడే. మూడు భాషలలోను బరువు మోయవలసినవాడు పూచీ యిచ్చినవాడు. మన యూళ్ళలో ఒకరి అప్పునకు పూచీ యుండినవానికి రాత్రులు నిద్రపట్టదు. ఈ వీసాలలో మాత్రము నిద్రపట్టనిది పూచీ పొందినవానికి!

నా శిష్యుని కువైటు జీవితమే అందుకు నిదర్శనము. అతని పాస్‌పోర్టు యజమాని బీరువాలో నుండెడిది. అకామా గడువు పొడిగించుట యజమాని చేతిలోని పని. జీతము మూడు మాసములు నిలిచిపోయినను మరియొక గ్యారేజీకి పోవుటకు వీలులేదు. పోయినచో 'ఖల్లివెల్లి' యగును. గల్ఫునకు పోయినవారి యిండ్లలో ఆ మాట తెలియని పసివాడుండడు. యజమానిని విడిచి, కాగితము లేక దాగి పనిచేయువానికి అది పేరు. ఈ పద్ధతిని బహ్రైను 2009 నుండి, ఖతరు 2020 నుండి కొంత సడలించినవి. కువైటులో మాత్రము 2025 జూలై 1 నుండి ప్రైవేటు సంస్థలలోని విదేశీ ఉద్యోగి దేశము దాటవలెనన్న యజమాని అనుమతి కావలెనను నియమము వచ్చినది. తల్లి మరణవార్త విన్నవాడును ఆ అనుమతికై ఎదురుచూడవలసినవాడే. అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి. ఇరువది యేండ్లు పనిచేసినను అతడక్కడ అతిథియే. పని ఉడిగిననాడు ప్రయాణము కట్టవలసినదే.

ఇప్పుడు ఆస్ట్రేలియా కాగితము సంగతి. దానిని 494 సంఖ్యగల వీసా అందురు. 2019 నవంబరులో వచ్చినది. అంతకుముందు 187 సంఖ్యతో నొకటి యుండెడిది. దానిలో యజమాని పూచీయున్నచో మొదటినాడే శాశ్వత నివాసము చేతికందెడిది. అందిన పిదప కొందరు చిన్న పట్టణములు విడిచి పెద్ద నగరములకు తరలిపోవుట చూచి, అక్కడి ప్రభుత్వము ఆ ద్వారము మూసి దీనిని తెరచినది. సిడ్నీ, మెల్బోర్ను, బ్రిస్బేను మహానగరములు తప్ప దేశమంతయు ఇందు ప్రాంతీయమే. వీసా అయిదేండ్లది. అభ్యర్థి సామాన్యముగా 45 ఏండ్లలోపు వాడై యుండవలెను. చేతి పనిలో మూడేండ్ల అనుభవము, ఇంగ్లీషు పరీక్షలో ఉత్తీర్ణత కావలెను. అదే పనికి స్థానికునకిచ్చు జీతమునకు తక్కువ గాకుండ ఇతనికి నీయవలెను. భార్యాబిడ్డలు వెంట రావచ్చును, భార్య పనిచేయవచ్చును, బిడ్డలు చదువుకొనవచ్చును. నియమములు పాటించుచు మూడేండ్లు గడచిన పిదప 191 అను శాశ్వత వీసాకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును.

అందులో నన్ను నిలిపిన అంశమొకటి కలదు. ఆ 191కి తిరిగి యజమాని పూచీ అక్కరలేదు. మూడేండ్ల లెక్క వీసాను బట్టి, పన్ను పత్రములను బట్టి. ఆ యజమాని కొలువును బట్టి కాదు. నడుమ యజమాని మారినను, క్రొత్తవాడు నియమానుసారముగా పూచీ పడినచో, గడచిన కాలము నీటిపాలు గాదు. ఒక వాక్యములో నిమిడిన ఈ భేదమే కువైటునకును దీనికిని నడుమ గోడ.

అయితే బంధము లేదని నేననను. పూచీ యిచ్చినవాని కొలువు విడిచినచో 2024 జూలైకి పూర్వము 90 దినములలో వేరొకనిని వెదకుకొనవలసియుండెడిది. ఇప్పుడు ఒక పర్యాయమునకు 180 దినములు, వీసా కాలమంతటికిని 365 దినములు గడువు. మంచిదే. కాని లారీలు బాగుచేయు షెడ్డు ఊరికొకటే యున్నచోట క్రొత్త పూచీదారు ఎక్కడ దొరకును? బిడ్డలు బడిలో నుందురు, అద్దె యిల్లు ఆ యూరిలో నుండును. కనుక అదనపు గంటల కూలి ఎగవేసినను మనవాడు పెదవి విప్పడు. "ఈ మూడేండ్లు కానీ" అని వ్రేళ్ళపై లెక్కించుకొనుచుండును. చట్టమిచ్చిన స్వేచ్ఛను ఊరి దూరము హరించుచున్నది.

కువైటు మెకానిక్కును చూచి జాలిపడు ఇంజనీర్ల తండ్రులు మా వీధిలోను కలరు. వారి పిల్లల స్థితి మాత్రమేమి? అమెరికాలో హెచ్-1బి వీసాపై నున్నవాడు కొలువు పోయినచో 60 దినములలో మరియొక యజమానిని పట్టవలెను. గ్రీన్ కార్డులలో ఒక్కొక్క దేశమున పుట్టినవారికి నూటికి ఏడు వంతుల పరిమితి పెట్టుటచే, భారతీయుల వరుస ఎన్నడు కదలునో చెప్పగలవాడు లేడు. జీతము పెద్దది, కుర్చీ మెత్తనిది. బంధమునకు తుది దినము మాత్రము లేదు. ఆ విషయమున నా శిష్యుని కాగితమే మేలని నా నిశ్చితాభిప్రాయము.

తుది దినమున్నంత మాత్రమున సరిపోవునా? చాలదు. ఫిజీకి 1903 మొదలు మదరాసు రేవునుండి తెలుగువారిని గిర్మిటు క్రింద తీసికొనిపోయిరి. అగ్రిమెంటు అను మాట కూలీల నోట గిర్మిటైనది. దానికిని అయిదేండ్ల గడువుండెను. కాని ఆ అయిదేండ్లలో పనికి రాకపోయినచో జైలు! మన పల్లెలలో పాలేరు ఉగాదికి బయానా పుచ్చుకొని ఏడాది పొడుగునా కమతమునకు కట్టుబడెడివాడు. అప్పు తీరక ఏడాది తరువాత ఏడాది గడచెడిది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చువరకు దానిని అన్యాయమనిన నవ్వెడివారు కలరు. కావున ప్రశ్నలు రెండు: ఎప్పటికి విముక్తి? ఆ లోపల విడిచిపోదునన్న ఏమగును?

ఇంత ఖర్చుపెట్టి పిలిపించిన యజమానికి మూడేండ్ల సేవ దక్కవలదా యని మా సహోద్యోగి యొకరు వాదించిరి. దక్కవలెను. మంచి జీతము, మంచి మాటతో దక్కించుకొనవలెను. స్థానికుని నిలుపుకొనుటకు అతడు వేరేమి చేయుచున్నాడు? ఆ చిన్న పట్టణపు పిల్లలు మెల్బోర్నుకు పోయినందుననే గదా మన మెకానిక్కు అవసరమైనది. రాజోలు పిల్లలు హైదరాబాదు పోవుచున్నారు. రాజోలులో మంచి మెకానిక్కు కొరకు ఎవరును ఏ వీసాయు సృష్టింపలేదు.

కాగితముల కట్టలో చివరిది ఏజెంటు చీటి. పూచీ యిప్పించినందులకు ఎనిమిది లక్షలట. ఇది చూచి నాకు కోపమాగలేదు. పూచీ యిచ్చుటకు ప్రతిఫలము అడుగుట ఆస్ట్రేలియాలో 2015 డిసెంబరు నుండి నేరము. శిక్షణ నిధికై చెల్లించు సుంకము యజమానియే భరింపవలెను, పనివానిపై మోపరాదు. మన దేశమున 1983 వలస చట్టము క్రింద నమోదైన ఏజెంటు మాత్రమే మనుష్యులను విదేశీ కొలువులకు పంపవలెను. అతని రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను. ఎనిమిది లక్షలెక్కడ, ఇదెక్కడ! పొలము కుదువబెట్టి పోయినవాడు అన్యాయము కనబడినను వెనుదిరుగలేడు. యజమాని వేయు సంకెల కంటె ఇంట చేసిన అప్పు వేయు సంకెల గట్టిది.

ఉపాధ్యాయ సోదరులకు నా విన్నపమొకటి. మనము సమాసములను విడదీయించుచున్నాము, అర్జీ వ్రాయించుచున్నాము. ఒడంబడికను చదివించుట లేదు. ఒక్క నియామక పత్రమును తరగతికి తెచ్చి, కర్త యెవరు, ఎవరి బాధ్యత ఎచ్చట ముగియునని పిల్లలచే చెప్పింపరాదా? ఏజెంటు బల్లముందు సంతకము పెట్టునాడు వారికి మనము తోడురాము.

నా శిష్యునికి మూడు ప్రశ్నలు తెలుగులో వ్రాసి యిచ్చినాను: జీతము ఎంత, అదనపు గంటలకు ఎంత, ఆ పరిసరములలో అట్టి షెడ్లు ఇంకను ఎన్ని కలవు. వానిని ఏజెంటునకు గాక నేరుగా ఆ యజమానికే పంపుమన్నాను. ఏజెంటు చీటిని నాయొద్దనే యుంచి పోయినాడు. "ఆయ్, జవాబు వచ్చాకే సంతకం పెడతానండి" అన్నాడు. ఇంకను జవాబు రాలేదు.