పెంపుడు జంతువులకు వెలుగు కత్తి

ఇంటి కుక్కకు కంతి లేచినదనియు, కత్తి పెట్టవలెననియు పశువైద్యుడు చెప్పగానే, మా పామర్రు సోదరీమణులు కొందఱు దానిని వెంటనే యింటికి మరలించుకొని వచ్చుట మేమెఱుగుదుము. వారి భయమెల్ల నెత్తురును గూర్చియే.

అట్టివారికి లేసరు కొంత ధైర్యము నీయగలదు. మన దేశమున బుట్టిన కుమార్ పటేలు 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు బొగ్గుపులుసు వాయువుతో గల్పించిన కిరణమే యిట్టి కోతలకు విశేషముగ వాడబడుచున్నది. కంటి కగపడని యా కిరణము మాంసములోని నీటిని క్షణములో నావిరి చేయుచు గోయును. ఆ వేడికి సన్నని నెత్తురు నాళములు మూసికొనిపోవును. వాపును తక్కువ. అయినను మత్తుమందు తప్పదు. మఱియు కంతిని బొత్తిగా గాల్చివేసినచో, అది కాన్సరగునో కాదో పరీక్షించుటకు తునుకయే మిగులదు. ఈ సంగతి వైద్యుని ముందుగనే యడుగుడు.

గన్నవరమున 1998లో వెలసిన ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల మన జిల్లాలోనిదే. అచ్చట లేసరు కలదేమో విచారింపుడు. లేకున్న దానికై నెలలు గడపక మామూలు కత్తితోనే కోయింపుడు. పెరుగుచున్న కంతి మన కొఱకు నిలువదు గదా! పిదప నొప్పికని మనము మ్రింగు పారాసిటమాలు మాత్రము పిల్లికి పెట్టకుడు. అది దానికి విషము.