బండి నీళ్లు తాగదు!



ఈసారి వరి గురించి కాదు, మినుము గురించి కాదు. మన ఇళ్ల ముందు వేపచెట్టు కింద నిలబెట్టుకున్న పాత కార్ల గురించి. కొంచెం కోపంగానే రాస్తున్నా. ఆ కోపం ముందు నా మీద, తర్వాతే ఎవరి మీదైనా.

గన్నవరం చుట్టుపక్కల ఏ ఊళ్లో పాత కారున్నవాణ్ని కదిపినా ఒకటే మాట. "పాత బండి కదా, కొంచెం నీళ్లు తాగుద్ది. డిక్కీలో రెండు బాటిళ్లు పెట్టుకుంటే సరి." తేలప్రోలులో ఇదే మాట, ఉంగుటూరులో ఇదే మాట. ఏడాది కిందటి దాకా నా నోట్లోనూ ఇదే మాట.

బండి నీళ్లు తాగదండీ. డీజిల్ తాగుద్ది, ఆయిల్ తాగుద్ది, మన డబ్బులు తాగుద్ది. నీళ్లు మాత్రం తాగదు. ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్లు మూత బిగించిన దారిలో తిరుగుతాయి. వేడెక్కి ఉబ్బితే పక్కనున్న బాటిల్లోకి పోతాయి, చల్లారాక మళ్లీ వెనక్కి వస్తాయి. నెలల తరబడి తిరిగితే ఏ కాస్తో తగ్గుద్దేమో గానీ వారానికి లీటరు తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారితే బయటికి కారాలి, లేదంటే ఇంజన్ లోపలికి కారాలి. మూడో దారి లేదు.

మన చేలో గట్టుకి ఎండ్రకాయ బొక్క పడిందనుకోండి. ఏం చేస్తాం? కాలవ తూము ఇంకాస్త ఎత్తి, పోతే పోయింది, ఇంకో నాలుగు అంగుళాలు నీళ్లు పెడదాం అంటామా? టార్చి పట్టుకుని గట్టంతా తిరిగి, బొక్క వెతికి, మట్టి ముద్ద కొట్టి, కాలితో తొక్కొస్తాం. 2024 సెప్టెంబరులో బుడమేరుకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు చూశాం కదా, గండి పూడ్చే దాకా ఎవరికీ నిద్ర లేదు. నీళ్ల సంగతి మనకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరండీ? అలాంటి మనం కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం గండి వదిలేసి నీళ్లు పోస్తా కూర్చుంటున్నాం.

నా సంగతే చెప్తా. మాది 2010 మోడల్ డీజిల్ కారు. పోయిన ఏడాది మార్చిలో, మినుము నూర్పిళ్ల హడావిడిలో ఉండగా బాటిల్లో నీళ్లు తగ్గడం మొదలైంది. షెడ్డుకి తీసుకెళ్లా. కుర్రాడు బానెట్ ఎత్తాడు, దించాడు. "ఏం లేదు బాబాయ్, పాత బండి, తాగుద్ది. పోసుకుంటా తిప్పుకోండి" అన్నాడు. నాకూ ఆ మాటే కావాలి. ఖర్చు లేని మాట ఎవరికి చేదు? ఏప్రిల్‌కి వారానికి లీటరయ్యింది. బోరు దగ్గర బాటిల్ పట్టడం, పోయడం. అంతే నా వైద్యం.

మే నెలలో మా అమ్మాయికి ఏలూరులో ఈఏపీసెట్. మధ్యాహ్నం పరీక్ష. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరని మీకు తెలుసు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఏసీ వేసుకుని హైవే ఎక్కాం. హనుమాన్ జంక్షన్ దాటాక వేడి చూపించే ముల్లు పైకి లేచింది. గుండె జారింది. చూస్తా ఉండగానే అదే ముల్లు మళ్లీ కిందికి దిగిపోయింది. 'హమ్మయ్య, తగ్గింది' అనుకుని ఇంకా తొక్కా.

అక్కడే మోసపోయా. ఆ ముల్లుకి వేడి సంగతి చెప్పే సెన్సారు నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెప్పుద్ది. నీళ్లన్నీ పోయి దాని చుట్టూ ఖాళీ ఏర్పడితే ఇంజన్ మాడిపోతున్నా ముల్లు కిందికే చూపించొచ్చు. ఈ ముక్క తెలియక నేను మూడు కిలోమీటర్లు లాగించా. కలపర్రు టోల్‌గేటు ఇంకా రాకముందే బానెట్ కింద నుంచి ఆవిరి, టకటకమని చప్పుడు, బండి ఆగిపోయింది. నడిరోడ్డు మీద, హాల్ టికెట్ చేత్తో పట్టుకుని నా కూతురు. అది ఏడవలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేది.

రొయ్యల మేత బస్తాలు వేసుకుని పోతున్న ఒక పెద్దాయన బొలెరో ఆపి ఎక్కించుకున్నాడు. గేటు వేయడానికి నాలుగు నిమిషాల ముందు అమ్మాయి లోపలికి వెళ్లింది. ఆయన పేరు కూడా అడగలేదు నేను.

బండిని లాక్కెళ్లి విజయవాడ ఆటోనగర్‌లో పెడితే హెడ్డు వంగిపోయిందన్నారు. హెడ్డు దించి ఫేసింగ్ పట్టించడం, గ్యాస్కెట్, ఆయిల్, కూలీ, అన్నీ కలిపి 34,000 అయ్యింది. ఇంతకీ కారింది ఎక్కడో తెలుసా? ఇంజన్ వెనకాల కనపడకుండా ఉండే జానెడు రబ్బరు పైపు. దాని ధర 280 రూపాయలు. 280ని 34,000 చేసింది పాత బండి కాదండీ. 'తాగుద్ది' అన్న ఆ ఒక్క మాట, దానికి తల ఊపిన నేను.

ఆ ఒక్కటే కాదు, ఇలాంటివే ఇంకొన్ని మాటలు మన ఊళ్లలో తిరుగుతున్నాయి. ఒక్కోదాని సంగతి చూద్దాం.

"మనకేం మంచు పడుద్దా, కూలెంట్ ఎందుకు?" మంచు కోసం కాదు. కూలెంట్‌లో గ్లైకాల్‌తో పాటు తుప్పు పట్టనివ్వని మందులు ఉంటాయి. మన ఇంట్లో నీళ్లు కాచే హీటర్ రాడ్డు చూడండి, తెల్లగా పెంకు కట్టి ఉంటది. అదే బోరు నీళ్లు కారులో పోస్తే ఆ పెంకే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడుద్ది. ఇనుము, అల్యూమినియం రెండూ ఉన్న ఇంజన్‌లో ఉప్పు నీళ్లు తిరిగితే అల్యూమినియాన్ని తినేస్తాయి. ఇంకోటి, కూలెంట్‌కి రంగు వేసింది అందానికి కాదు. కారిన చోట పచ్చగానో ఎర్రగానో మరక పడి దొంగను పట్టిస్తది. ఉట్టి నీళ్లు పోసి ఆ సాక్షిని కూడా మనమే మాయం చేస్తున్నాం.

"మా నాన్న ట్రాక్టర్‌కి జీవితాంతం చెరువు నీళ్లే పోశాడు." నిజమే. ఆ కాలం ట్రాక్టర్‌కి ఇనుప హెడ్డు, పెద్ద ఇత్తడి రేడియేటర్. తట్టుకుంది. అయినా లైనర్లు మార్చినప్పుడు వాటి బయటి వైపు పురుగు తిన్నట్టు గుంటలు మీరు చూడలేదా? అది నీళ్ల పనే. అల్యూమినియం హెడ్డున్న కారుకి ఆ పాటి ఓపిక కూడా ఉండదు.

"వాల్వు తీసేస్తే చల్లగా నడుస్తది." థర్మోస్టాట్ వాల్వు పాడైతే మార్చాలి, పీకి పారేయకూడదు. సుమారు 80, 90 డిగ్రీల మధ్య తెరుచుకునేలా దాన్ని పెట్టింది ఇంజన్‌ని సరైన వేడి మీద నడపడానికి. అది లేకపోతే ఇంజన్ వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుద్ది, అరుగుద్ది. కొన్ని ఇంజన్లలో అయితే వాల్వు లేకపోతే నీళ్లు రేడియేటర్‌లోకి పోకుండా అడ్డదారిలో తిరిగి ఇంకా వేడెక్కుతాయి. పైగా కారే చోటు అలాగే ఉందిగా!

"రేడియేటర్‌లో పసుపు పోయండి, ఆగిపోద్ది." రోడ్డు మీద దిక్కులేనప్పుడు ఇంటికి చేరడానికి అయితే సరే. దాన్నే రిపేరు అనుకుంటే, చిల్లిని మూసిన పసుపు మంచి గొట్టాల్ని కూడా మూసుద్ది. కొట్లో అమ్మే లీకు ఆపే మందుదీ అదే కథ.

"ఇంత తలనొప్పి ఎందుకు, అమ్మేసి కొత్తది తీసుకో." ఈ సలహా ఇచ్చేవాళ్లు కిస్తీలు కట్టరు. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే ఫీజే 5,000 అయ్యింది. అది కట్టుకుని మరీ నడుపుకునేది మనకు ఇంకో దారి లేకే. అలాంటప్పుడు 280 రూపాయల పైపుకి బండిని బలివ్వడం ఏం తెలివి?

మరి ఏం చేయాలి? నేను 34,000 కట్టి నేర్చుకున్న పాఠం మీకు ఉచితంగా చెప్తా.

అన్నిటికంటే ముందు ఒకటి. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయకండి. ఆ మూత లోపల ఒత్తిడి పట్టి ఉంచబట్టే నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. తీశారో, ఒక్కసారిగా మరిగి మొహం మీదకి ఎగచిమ్ముతాయి. చూసేదేదైనా పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూడండి.

రాత్రి బండి కింద పెద్ద అట్ట పరచండి. పొద్దున ఏ చోట చుక్క పడిందో చూసి దానికి పైన వెతకండి. ఏసీ నుంచి కారే నీళ్లతో పొరపడొద్దు. వాటికి రంగుండదు, వాసనుండదు, ఏసీ వేసినప్పుడే కారతాయి. కూలెంట్ అయితే వేలికి జిడ్డుగా తగులుద్ది, తియ్యటి వాసన వస్తది. వాసన చూడండి గానీ నాలుక మీద పెట్టకండి, అది విషం.

తర్వాత టార్చి పట్టుకోండి. ప్రతి రబ్బరు పైపు చివర, క్లిప్పు కింద చూడండి. పైపు నొక్కితే మెత్తగా ఉబ్బినా, పిట్లినట్టు పగుళ్లున్నా దాని ఆయుష్షు తీరినట్టే. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం కలిసే అతుకు చూడండి. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటది. అక్కడి నుంచి చార కట్టిందంటే లోపల సీలు పోయిందని పంపు మనకి చెప్తున్నట్టు. బ్లాకు పక్కన నొక్కి కూర్చోబెట్టిన గుండ్రటి రేకు బిళ్లలు తుప్పు తిన్నాయేమో చూడండి. కారు లోపల ముందు సీటు దగ్గర కార్పెట్ తడిగా ఉండి తియ్యటి వాసనొస్తే హీటర్ దగ్గర కారుతోంది.

ఇంత చూసినా దొరకలేదా? షెడ్డుకి వెళ్లి 'ప్రెషర్ టెస్ట్ చేయి' అని అడగండి. రేడియేటర్ మూత చోట ఒక చేతి పంపు, మీటరు బిగించి, మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి ఎక్కిస్తారు. చాలా బళ్లకి అది 0.9, 1.1 అలా ఉంటది. ఇంజన్ స్టార్ట్ చేసే పని లేదు. పది పదిహేను నిమిషాలు ఆగితే కారే చోటు తానే కన్నీరు పెడుద్ది. మూతను కూడా అలాగే పరీక్షించొచ్చు. చాలాసార్లు దొంగ ఆ మూతే.

బయట ఎక్కడా చుక్క లేదు, ఒత్తిడి మాత్రం పడిపోతోంది అంటే లోపలికి పోతున్నట్టు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా రావడం, వేడెక్కాక కూడా తెల్లటి పొగ, ఆయిల్ చూసే పుల్ల మీద పాలు కలిపిన కాఫీ రంగు, ఇవన్నీ హెడ్ గ్యాస్కెట్ గుర్తులు. అప్పుడు మాత్రం బండి తిప్పకండి. తిప్పిన ప్రతి కిలోమీటరూ బిల్లులో కలుస్తది.

రిపేరుకొస్తే, పైపుని చుట్ట చుట్టి టేపు వేయించకండి, మార్పించండి. క్లిప్పులు కొత్తవి వేయించండి. పాత ఇత్తడి రేడియేటర్ అయితే మాటు వేయించుకోవచ్చు. ప్లాస్టిక్ ట్యాంకున్న దానికి ఎంసీల్ పూస్తే వేడికి, ఒత్తిడికి మళ్లీ ఊడుద్ది. మార్చడమే మార్గం. పాత నీళ్లు తీసి శుభ్రంగా కడిగించి, డబ్బా మీద ఐ.ఎస్. 5759 అని ఉన్న కూలెంట్ తీసుకోండి. కలుపుకునే రకమైతే డబ్బా మీద చెప్పిన పాళ్లలో, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తో. కలిపి అమ్మేదైతే చుక్క నీళ్లు కూడా వద్దు. పోశాక బండి ముక్కు పైకి ఉండేలా నిలబెట్టి, హీటర్ ఫుల్లుగా పెట్టి, లోపలి గాలంతా పోయేదాకా నడిపించండి. గాలి మిగిలిపోతే కొత్త పైపు వేసినా బండి వేడెక్కుద్ది.

తీసిన పాత కూలెంట్ పెరట్లో వదలకండి. తియ్యగా ఉంటది కాబట్టి కుక్కలు, దూడలు, కోళ్లు తాగేస్తాయి. కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. పంట బోదెలోకి అసలే వద్దు. మూత ఉన్న డబ్బాలో పట్టి షెడ్డు వాళ్ల డ్రమ్ములో పోయించండి. పిల్లలకి అందనివ్వకండి.

చివరిగా ఒక మాట. నేను మెకానిక్‌లందర్నీ తిట్టడంలేదు. నా బండిని నిలబెట్టిన ఆటోనగర్ మేస్త్రీ ఇంజన్ విప్పకముందే నన్ను పిలిచి, టార్చి వేసి, గేర్‌బాక్స్ మీద కట్టిన తెల్లటి చార చూపించి, "ఇదిగో సార్, ఇక్కడ" అన్నాడు. పనివాడంటే అలా చూపించేవాడు. మన మోటారు కాలితే వైండింగ్ చేసే అతని పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాం. పురుగు మందు కొట్టు దగ్గర డబ్బా తిప్పి తిప్పి తేదీ చూస్తాం. కారు దగ్గర మాత్రం ఎందుకు గుడ్డిగా తల ఊపుతాం? 'ఎక్కడ కారుతోందో చూపించు' అని అడగండి. చూపించనిదే స్పానర్ పెట్టనివ్వకండి. "తాగుద్ది" అంటే ఇంకో షెడ్డుకి పొండి.

ఈ రాత్రే పాత అట్టపెట్టె ఒకటి చింపి బండి కింద పరవండి. పొద్దున అది పొడిగా ఉండి, బాటిల్లో మట్టం కూడా తగ్గకపోతే నన్ను నవ్వుకోండి, ఫర్వాలేదు. చుక్క కనపడితే మాత్రం ఆ రోజే కదలండి. అందరికీ బొలెరో ఆపే పెద్దాయన దొరకడు.