ఏ తూటాలు కొనాలి అన్నయ్యా?

ఇక్కడ ఒమన్‌లో శుక్రవారం సెలవు. ఆ మధ్య ఒక శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి కాఫీకి పాలు పెట్టుకుంటుంటే ఫోను మోగింది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే మా తమ్ముడు, అంటే మా చిన్నాన్న కొడుకు. వాడికి అప్పుడు గురువారం రాత్రి పదకొండు. వేళ కాని వేళ ఫోను వస్తే మనవాళ్ళకి ముందు గుండె జారుతుంది కదా!

"ఏరా, అంతా బాగేనా?" అన్నాను కంగారుగా.

"బాగానే ఉన్నాం అన్నయ్యా. షాట్‌గన్ ఒకటి కొందామనుకుంటున్నా. ఇంటి కాపలాకి ఏ తూటాలు మంచివి? బర్డ్‌షాటా, బక్‌షాటా?"

పాలు పొంగి స్టవ్వు మీద పోయాయి.

నన్నే ఎందుకు అడిగాడంటే, నేను ఎం.ఎస్. చేసింది టెక్సస్‌లోనే. అప్పట్లో మా రూమ్మేట్లలో వేటకి వెళ్ళే అమెరికన్ కుర్రాడు ఒకడు ఉండేవాడు. వాడి పుణ్యమా అని ఈ తూటాల పురాణమంతా రాత్రిళ్ళు విన్నాను. పైగా మార్కాపురం దగ్గర మా ఊళ్ళో మా తాతయ్యకి అడవి పందుల బెడద కోసం లైసెన్సు తుపాకీ ఉండేది. ఈ రెండు అర్హతలతో నేను మా వంశానికి ఆయుధ నిపుణుణ్ణి అయిపోయాను!

వాళ్ళ పక్క వీధిలో రెండు తెలుగు ఇళ్ళలో దొంగలు పడ్డారట. బంగారమంతా ఊడ్చుకుపోయారట. మరదలు, ఇద్దరు పిల్లలు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు. వాడి బాధ నాకు అర్థమైంది. "రెండు రోజులు టైమివ్వరా, ఆలోచించి చెబుతా" అన్నాను. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఈ ప్రశ్న మా తమ్ముడొక్కడిదే కాదని నాకు తెలుసు.

భయం ఉత్తది కాదు

"అమెరికాలో ఏమవుతుందిలే" అనే రోజులు పోయాయి. 2007 డిసెంబరులో బ్యాటన్ రూజ్‌లో, లూసియానా స్టేట్ యూనివర్సిటీ ప్రాంగణంలోని అపార్టుమెంటులోనే ఇద్దరు తెలుగు పీహెచ్‌డీ విద్యార్థుల్ని కాల్చి చంపారు. ఆ వార్త మనలో చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటుంది. 2011 నుంచి 2014 వరకు ఒక ముఠా జార్జియా, న్యూయార్క్, మిషిగన్, టెక్సస్ వంటి రాష్ట్రాల్లో పనిగట్టుకుని ఆసియా, భారతీయ కుటుంబాల ఇళ్ళు వెతికి, తుపాకులతో చొరబడి, ఇంట్లో వాళ్ళని టేపుతో కట్టేసి దోచుకుంది. ఆ ముఠాని నడిపిన హ్యూస్టన్ మహిళకి 2019లో 37 ఏళ్ళ శిక్ష పడింది. మన ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలకి మనకంటే బాగా తెలుసు.

అయితే ఇంకో పక్క కూడా చూడాలి. 2017 ఫిబ్రవరి 22న ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చింది ఒక బార్‌లో. 2018లో క్యాన్సస్ సిటీలో మన విద్యార్థి ఒకరు చనిపోయింది పనిచేస్తున్న రెస్టారెంటులో. 2024 నవంబరులో షికాగో ప్రాంతంలో మరో తెలుగు యువకుడు చనిపోయింది పెట్రోలు బంకులో. వీటిలో ఏ ఒక్కదాన్నీ ఇంట్లో అలమరలో ఉన్న షాట్‌గన్ ఆపగలిగేది కాదు. మనం వార్తలు చదివి పడే భయం ఒక చోటిది. కొనుక్కునే మందు ఇంకో చోటిది.

ఇక తూటాల సంగతి

ప్రశ్న అడిగాడు కాబట్టి ముందు సూటిగా జవాబే చెప్పాను. పన్నెండు బోరు అంటే ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండు పౌనులో పన్నెండో వంతు తూగుతుందని అర్థం. ఆ గొట్టంలోకి మూడు రకాల తూటాలు వస్తాయి. పిట్టలు కొట్టే బర్డ్‌షాట్‌లో గుళ్ళు ఆవగింజల్లా ఉంటాయి. ఎనిమిదో నంబరు గుండు అడ్డకొలత 2.3 మిల్లీమీటర్లు, ఔన్సుకి 400 దాకా వస్తాయి. బక్‌షాట్‌లో గుళ్ళు పెద్దవి. డబుల్ ఆట్ అనే రకంలో ఒక్కో గుండు 8.4 మిల్లీమీటర్లు, మామూలు తూటాలో ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. మన దేశంలో ఎస్.జీ. అని అమ్మేది దాదాపు ఇదే. మూడోది స్లగ్. మొత్తం ఒకే ఒక్క సీసపు ముద్ద, సుమారు 28 గ్రాములు.

ఇక్కడే మన వాళ్ళు పప్పులో కాలేస్తారు. "బర్డ్‌షాట్ అయితే గోడ దాటదు, పిల్లలకి ప్రమాదం ఉండదు" అని షాపువాడో స్నేహితుడో చెబుతాడు. గది అవతలి కొసకి చేరేసరికి గుళ్ళ గుంపు ఇంకా అరచేయంతే ఉంటుంది. గజం దూరానికి అంగుళం చొప్పున విడిపోతుందని ఒక మోటు లెక్క. సినిమాల్లోలాగా గదంతా చల్లినట్టు పడదు. కాబట్టి అంత దగ్గర్లో బర్డ్‌షాట్ కూడా గోడని తూట్లు పొడుస్తుంది. అదే సమయంలో మనిషిని నమ్మకంగా ఆపదు. ఎఫ్.బీ.ఐ. పరీక్షల్లో తూటా జిలెటిన్ దిమ్మలోకి కనీసం 12 అంగుళాలు దిగాలని కొలత పెట్టుకున్నారు. బర్డ్‌షాట్ అందులో సగానికి కూడా అటూఇటూగానే దిగుతుంది. అందుకే చట్టప్రకారం తుపాకీ ఉంచుకోగలిగిన వాళ్ళకి అక్కడి శిక్షకులు ఎక్కువగా చెప్పేది బక్‌షాటే. అందులోనూ తక్కువ తన్నేది, గుంపు చెదరకుండా పోయేది. గుంపు తప్పిన ఒక్క గుండుకి కూడా కాల్చినవాడే జవాబుదారీ మరి!

"అయితే బక్‌షాట్ కొంటా" అన్నాడు మావాడు. "ఆగరా, నీ పడగ్గది గోడ అవతల ఎవరు పడుకుంటారు?" అని అడిగాను.

"పిల్లలు."

ఇబ్రా గోడలు, టెక్సస్ గోడలు

నేను నాలుగేళ్ళుగా ఉంటున్న ఇబ్రా మస్కట్‌కి కారులో దాదాపు రెండు గంటల దూరం. బుధవారం ఆడవాళ్ళ సంతకి పేరున్న ఊరు. ఇక్కడ అల్ మన్‌జఫా అని ఒక పాత పేట ఉంది. ఒకప్పుడు జాంజిబార్ వైపు వ్యాపారాలతో గడించిన కుటుంబాలు కట్టుకున్న మట్టి మేడలు, ఇప్పుడు చాలావరకు శిథిలాలు. సాయంత్రాలు అటు నడుస్తుంటాను. అడుగుల మందాన గోడలు, చెక్కడపు బరువు తలుపులు, పేటలోకి వచ్చే దారికి ద్వారాలు, చుట్టూ గుట్టల మీద కావలి బురుజులు. వాళ్ళ దగ్గరా తుపాకులుండేవి. ఇప్పటికీ పండగలకీ పెళ్ళిళ్ళకీ కొందరు పెద్దవాళ్ళు పాతకాలపు రైఫిల్ భుజాన వేసుకు వస్తారు. అయితే ఇంటి కాపలాలో మొదటి వంతు గోడది, తర్వాత తలుపుది, ఆ తర్వాత ఇరుగుపొరుగుది. తుపాకీ వంతు చివరిది.

టెక్సస్ ఇంట్లో లోపలి గోడ అంటే ఏమిటి? అరంగుళం జిప్సమ్ షీటు ఇటొకటి, అటొకటి, మధ్యలో చెక్క పట్టీలు, మిగతాదంతా గాలి. బక్‌షాట్ అటువంటి గోడలు రెండు మూడు దాటి కూడా మనిషిని గాయపరచగలదు. మనిషిని ఆపగలిగే ఏ తూటా అయినా ఆ గోడ దాటుతుంది. గోడ దాటని తూటా మనిషినీ ఆపదు. ఈ చిక్కుముడిని విప్పే మంత్రపు తూటా ఏ షాపులోనూ లేదు. కనుక అక్కడ తూటా ఎంచుకోవటం కంటే ముందు, ఎవరు ఏ గదిలో పడుకుంటారు, తుపాకీ ఏ దిక్కుకి తిరగకూడదు అన్నది తేల్చుకోవాలి. మంచం జరపటానికి డబ్బు ఖర్చు కాదు కదా!

ఒమన్ స్వర్గమని నేను అనటం లేదు. 2024 జూలై 15న మస్కట్ వాదీ కబీర్‌లో మసీదు దగ్గర జరిగిన కాల్పుల్లో ఆరుగురు చనిపోయారు. వారిలో ఒకరు మన దేశస్థుడు. ముగ్గురు దుండగుల్నీ పోలీసులు కాల్చి చంపారు. మా కాలనీలో వారం రోజులు అదే మాట. కానీ ఆ వారంలో కూడా ఇక్కడి మనవాళ్ళెవరూ "ఏ తూటా కొనాలి" అని అడగలేదు. ఇక్కడ లైసెన్సు లేకుండా తూటా దగ్గరుంచుకోవటమే నేరం. ఆ దారి మా బుర్రలోకే రాదు. అమెరికాలో షాపుల్లో బియ్యం బస్తా దొరికినంత సులువుగా దొరుకుతుంది కాబట్టి, అది మనకి చెల్లుతుందని అనుకుంటాం.

వీసా మాట మరవద్దు

మా తమ్ముడు హెచ్-1బీ మీద ఉన్నాడు. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం వలసేతర వీసా మీద వచ్చిన వాళ్ళు తుపాకీయే కాదు, తూటా కూడా దగ్గర ఉంచుకోకూడదు. ముఖ్యమైన మినహాయింపు ఒకటుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. మనవాళ్ళు కొందరు ఆ లైసెన్సు తీసుకుని తుపాకీ కొంటారు. సరే. ఆ లైసెన్సు గడువు తీరిన మర్నాడు అలమరలో ఉన్న డబ్బా సంగతేమిటి? 2022లో చేసిన మార్పు తర్వాత ఈ నేరానికి 15 ఏళ్ళ దాకా శిక్ష వేయవచ్చు. తుపాకీ నేరం రుజువైతే గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళని కూడా దేశం నుంచి పంపించవచ్చు. ఈ విషయంలో షాపువాడి మాట, వాట్సాప్ మాట వినకండి. ఇమ్మిగ్రేషన్ లాయరుని అడగండి.

ఇంకొకటి. వేట జేబులో మరిచిపోయిన ఒక్క తూటాతో ఇండియా విమానం ఎక్కబోయి దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు. తెలిసి దగ్గర ఉంచుకుంటేనే నేరమని సుప్రీంకోర్టు 1972లోనే అన్నది నిజమే. ఆ మాట కోర్టులో నిరూపించుకునేలోపు మీ విమానం, మీ సెలవు, ఒక్కోసారి ఉద్యోగమూ పోతాయి.

తాళం చెవి

అమెరికాలో 2023లో తుపాకుల వల్ల చనిపోయిన వారు 46,728 మంది. అందులో దాదాపు 27,300 ఆత్మహత్యలే. ఇంట్లో తుపాకీ ఉన్నచోట ఇంట్లోనే హత్యకి గురయ్యే అవకాశం 2.7 రెట్లు ఉన్నట్టు 1993లో కెల్లర్‌మన్ బృందం తేల్చింది. ఆ లెక్క మీద విమర్శలూ ఉన్నాయి. లెక్కలు పక్కన పెట్టినా, 2024 నవంబరులో అట్లాంటాలో హైదరాబాద్ నుంచి వెళ్ళిన విద్యార్థి ఒకరు కొత్తగా కొన్న వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. ఏ దొంగా రాలేదు. తుపాకీ ఒక్కటే వచ్చింది.

చివరికి మావాడికి తాతయ్య కథ చెప్పాను. నాకు నానమ్మ చెప్పింది. ఒక రాత్రి పశువుల కొట్టం దగ్గర గోడ దూకిన చప్పుడైంది. తాతయ్య చీకట్లో డబుల్ బ్యారెల్ అందుకున్నాడు. తూటాలు మాత్రం ట్రంకు పెట్టెలో ఉన్నాయి. తాళం చెవి నానమ్మ బొడ్లో ఉంది. "తే, తే" అని ఆయన, కంగారులో ముడి ఊడక ఈవిడ. ఇంతలో కొట్టంలోంచి దగ్గు వినపడింది. ఇద్దరికీ బాగా తెలిసిన దగ్గు. ఇంట్లో చెప్పకుండా మార్కాపురంలో సెకండ్ షో చూసి, నాన్నకి భయపడి దొడ్డిగోడ దూకిన మా చిన్నాన్న! తాతయ్య ఆ వారంలోనే తుపాకీ పోలీస్ స్టేషనులో అప్పజెప్పి వచ్చాడట. మళ్ళీ లైసెన్సు కట్టలేదు.

ఫోనులో చాలాసేపు ఏమీ వినపడలేదు.

"నాన్న ఎప్పుడూ చెప్పలేదు అన్నయ్యా."

"ఎలా చెబుతాడురా? ఆ తాళం చెవి ముడి కాస్త వదులుగా ఉంటే నాన్నా లేడు, నువ్వూ లేవు."

మావాడు ఇప్పుడు ఏం చేశాడంటే, బంగారం బ్యాంకు లాకరులో పెట్టాడు. తలుపు చట్రానికి మూడంగుళాల స్క్రూలు బిగించాడు. లైట్లు, అలారం పెట్టించాడు. చప్పుడైతే అందరూ ఏ గదిలో చేరి గడియ వేసుకుని 911కి ఫోను చేయాలో పిల్లలకి కూడా నేర్పాడు. పక్కింటి మెక్సికన్ పెద్దాయనకి ఫోను నంబరు ఇచ్చాడు. "గ్రీన్ కార్డు వచ్చాక మళ్ళీ అడుగుతా" అన్నాడు. మన క్యూ సంగతి తెలుసు కదా, అప్పటికి పిల్లల పెళ్ళిళ్ళు అయిపోతాయి!

గ్రీన్ కార్డో, పౌరసత్వమో ఉండి, బాగా ఆలోచించుకుని తుపాకీ కొన్నవాళ్ళని నేను తప్పు పట్టను. అది వాళ్ళ హక్కు. వాళ్ళకి నా మనవి ఒక్కటే. ఏ తూటా అని అడిగే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. నా వీసా ఏమంటుంది? గోడ అవతల ఎవరున్నారు? తాళం చెవి ఎవరి దగ్గరుంది? చీకట్లో దగ్గినవాడు ఎవరు? ఈ నాలుగింటికీ జవాబు దొరికాక తూటా పేరు షాపువాడైనా చెబుతాడు.