పర్యావరణం: పంజరం నుండి అడవికి

సూరత్‌లోని సర్థాణా జంతు ప్రదర్శనశాల నీటికుక్కల సంతానోత్పత్తికి పేరొందినది. అయితే పంజరంలో పుట్టిన ప్రాణి స్వేచ్ఛగా బ్రతుకగలదా? ఇందుకు సమాధానం బ్రెజిల్ దేశపు ఒక చిన్న కోతి చరిత్రలో ఉన్నది.

గోల్డెన్ లయన్ టామరిన్ అనే ఆ కోతి బరువు సుమారు 600 గ్రాములు. సింహపు జూలును తలపించే బంగారువన్నె వెంట్రుకలే దానికి శాపమైనాయి. పెంపకానికై పట్టుకొనిపోవడం వలన, రియో డి జనీరో ప్రాంతపు వర్షారణ్యాలను నరికివేయడం వలన 1970 దశకం తొలినాళ్ళకు దాదాపు 200 మాత్రమే మిగిలినాయి. 1974లో అక్కడ పోసో దాస్ అంతాస్ అభయారణ్యం ఏర్పడింది. 1984 నుండి జంతుశాలలలో పుట్టిన కోతులను అడవిలో విడువసాగారు. గిన్నెలో ఆహారం తిని పెరిగిన వాటికి పండ్లు, పురుగులు వెదకుకొనడం తెలియక తొలుత అనేకం మరణించినాయి. పిమ్మట, విడిచిన వాటికి కొంతకాలం ఆహారమందిస్తూ కనిపెట్టి ఉన్నారు. అడవిలోనే పుట్టిన వాటి పిల్లలు నిలదొక్కుకున్నాయి.

2016-18 నడుమ ఎల్లో ఫీవర్ సోకి సంఖ్య తగ్గినా, 2023 నాటికి సుమారు 4,800కు పెరిగింది. ముక్కలైన అడవులను కలుపడానికి 2020లో రహదారిపై చెట్లు నాటే వంతెనను కూడా నిర్మించారు.

పంజరంలో పిల్ల పుట్టడం సగం విజయమే. కోతికి అడవి, నీటికుక్కకు నిర్మలమైన నది మిగిలి ఉండాలి. తాపీ తీరవాసులమైన మనం గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.